మూడు మిల్లీమీటర్లు

నరసాపురం కాలేజీ ఇండోర్ హాలు తాళం
గాబ్రియేలు తీసేసరికి
లోపల్నుంచి కొట్టిన వాసన నేనెరిగిందే:
చెమట, గబ్బిలాల రెట్ట, ఉబ్బిన టేకు.
మా తాత పడవలు కట్టేవాడు.
నీళ్లలో కర్ర తడిస్తే మాట వింటుంది,
నేల మీద కర్ర తడిస్తే ఎదురు తిరుగుతుంది, అనేవాడు.

మోకాళ్ల మీద పాకుతూ
పిడికిలితో పలక పలకా తట్టాను.
అన్నీ గట్టిగానే పలికాయి.
తూర్పు బుట్ట కింద మటుకు బొళ్లు,
కురిడీ కొబ్బరికాయ తట్టినట్టు.
"అక్కడ బంతి లేవదండి, చచ్చిపోద్ది"
అంది సువార్త మేడం,
ఇరవై రెండేళ్లుగా ఇక్కడ ఈల ఊదుతున్న మనిషి.
"మా పిల్లలకి తెలుసు.
బయటూరోళ్లని అటే తోలతారు."
నవ్వకుండా చెప్పింది,
అదీ ఆటలో ఓ నియమమే అన్నట్టు.

మేకు తలలు లోపలికి దిగ్గొట్టడానికి ఓ రోజు పట్టింది.
మర్నాడు మిషనెక్కించాం.
ముప్పయ్యారో నంబరు గరుకు కాగితం
ఆకలి మీదున్న మేక.
నారకి అడ్డం పోనివ్వకూడదు,
ఒక్కచోట ఆగకూడదు.
దమ్ములో ట్రాక్టరు ఆగిన చోట
గుంట చూశారా, అలా అయిపోద్ది.
పొట్టు లేచి లేచి
మా నూకరాజు కనుబొమలు నెరిసి
ఇరవై ఏళ్లకే ముసలాడయ్యాడు.

నీలం గీత పోయింది.
దాని కింద ఎర్రది.
ఎర్రదాని కింద, ఏటవాలుగా, ఎవరూ అడగని తెల్ల గీత.

"బుట్ట ముందు గడి అప్పుడలా ఉండేదండి,
పరికిణీలా, కింద వెడల్పు.
తర్వాత కొలతలు మార్చేశారు.
నేనాడింది దాంట్లోనే."
చెప్పులు విప్పి వచ్చి
ఆ తెలుపు మీద బొటనవేలు ఆనించి నిలబడింది.
మోకాళ్లు కొద్దిగా వంగాయి.
చేతిలో బంతి లేదు.
మిషను అద్దె గంటకింతని.
అయినా ఆపేశాను.
"ఊఁ, కానియ్యండి" అంది,
నాకేసి చూడకుండా.

పడమటి మూల నల్లటి వలయాలు,
లెక్కపెడితే పదకొండు.
ఎంత తోమినా పోవు.
"ఇంకాస్త దించేద్దాం బాబాయ్" అన్నాడు నూకరాజు.
తుపాను ఏడాది బియ్యపుతిప్ప వైపు నుంచి
లారీల్లో జనాన్ని తెచ్చి ఇక్కడే పడుకోబెట్టారంట.
గంజి గుండిగలు దించిన చోట్లంట అవి.
పలకల సందులో రేకు దూర్చి కొలిచాను.
గాడి పైన మిగిలిన కర్ర
మూడు మిల్లీమీటర్లు.
గీకినప్పుడల్లా ఒకటి పోద్ది.
మరక పోవాలంటే
ఈ నేల ముందు ముందు బతకాల్సిన ఏళ్లు
ఇవాళే ఖర్చు పెట్టెయ్యాలి.
సంగతి మేడంతో చెప్పాను.
"వాటి మీద బంతి లేస్తదా?"
"ఎందుకు లేవదండి."
"ఇంకేం మరి."

చేలు పొట్ట మీదున్న రోజులు.
రాత్రి దీపం వేస్తే
చుట్టుపక్కల పచ్చదోమంతా
మా తడి వార్నీషు మీదే వచ్చి చస్తుంది.
అందుకని తలుపుల కింద తడి గోనెలు కుక్కి,
ఫ్యాన్లు ఆపి,
వెలుగు రేఖ పడగానే మొదలెట్టాం.
మేజోళ్లతో, వెనక్కి వెనక్కి,
తడి అంచు ఆరకుండా అందుకుంటూ,
నాట్లేసే ఆడవాళ్లు నడిచినట్టు.
ముందంతా మెరుపు,
వెనకంతా పని.
మూడు పూతలు. పూతకీ పూతకీ మధ్య ఓ రోజు
ఊరికే కూర్చోవడం,
వశిష్ఠ మీద పంటు వచ్చిపోవడం చూడ్డం.
ఈ పనిలో కష్టమైంది అదే.

పదో రోజు మేడం బంతి తెచ్చింది.
తిన్నగా తూర్పు బుట్ట కిందికే వెళ్లింది.
నేను చెక్కలు దిగ్గొట్టి అడుగు నింపేశాను కదా,
బంతి లేచి చేతిలో పడింది.
మళ్లీ కొట్టింది.
చెల్లని నోటు తిరగేసి చూసినట్టు
మూడోసారి.
"బాగుందండి" అంది,
కొంచెం దిగులుగానే.

పొట్టు మూడు గోనెలైంది.
నీలం, ఎరుపు, తెలుపు
అన్నీ కలిసి బూడిద రంగు.
కోళ్ల గూట్లో పరుస్తానని
గాబ్రియేలు ఓ మూట సైకిలుకి కట్టుకున్నాడు.
గోనెకి ఎక్కడో చిల్లు.
కాలవ గట్టు మీద అతని వెనకే
సన్నగా గీత పడుతూ పోయింది,
మలుపు దాకా,
మలుపు తిరిగి కూడా.